మీ అడవిలోంచి స్నోమొబైల్ దారి: సంతకం పెట్టాలా, వద్దా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. ఈ ఎండాకాలంలో అమెరికాలోని మెయిన్ (Maine) రాష్ట్రం ఆక్స్‌ఫర్డ్ కౌంటీలో 46 ఎకరాల అడవి, అందులో ఒక పాత క్యాంపు (అడవిలోని చిన్న ఇంటిని అక్కడ అలాగే అంటారు) కొన్నారు. ఉండేది న్యూజెర్సీలో. మొన్న వెళ్ళినప్పుడు ఊరి స్నోమొబైల్ (మంచు మీద నడిచే బండి) క్లబ్బు నుంచి ఇద్దరు పెద్దాళ్ళు వచ్చారు. పాత యజమాని రోజుల నుంచీ మీ స్థలం వెనక వైపు నుంచి ట్రైల్ పోతోందనీ, ఇక మీదటా పోనివ్వమనీ ఒక పేజీ కాగితం చేతిలో పెట్టి వెళ్ళారు. ఎవడో వచ్చి మన చెట్టుకు గుద్దుకుంటే కేసు మన మెడకు చుట్టుకుంటుందేమోనని మీ ఆవిడ భయం. "దారి ఇచ్చావంటే భూమి ఇచ్చినట్టే" అని ఫోన్లో మీ నాన్నగారు. వద్దంటే ఊళ్ళో మొదటి ఏడే చెడ్డపేరు వస్తుందేమోనని మీరు.

నేను లాయర్ని కాదు. నాకున్న అర్హతల్లా 2009 నుంచి అదే రాష్ట్రంలో 70 ఎకరాలు ఉండటం, దాని మధ్యలోంచి ముప్పావు మైలు స్నోమొబైల్ ట్రైల్ పోతుండటం, ఈ వ్యవహారంలో చేయదగిన తప్పులు చాలా వరకు నేనే చేసి ఉండటం. నా మాట ఏమిటంటే, పెట్టండి. కానీ వాళ్ళిచ్చిన కాగితం మీద ఉన్నదున్నట్టు పెట్టకండి. ఇంకోటి, మీ ఇంట్లో భయపడుతున్న రెండు విషయాలూ నిజానికి చిన్నవి. నన్ను నిద్రపోనివ్వనివి వేరే ఉన్నాయి, వాటి గురించి మీ ప్రశ్నలో ఒక్క ముక్కా లేదు.

ముందు నాన్నగారి భయం. ఆయన్ని తప్పుపట్టను. మాది తణుకు దగ్గర. మా చేను పక్కనున్న పుంత కోసం మా తాతగారి తరంలో మొదలైన తగువు మా నాన్న తరంలో కూడా తెగలేదు. మన కోస్తా జిల్లాల్లో 1882 నాటి ఈజ్‌మెంట్ (ఇంకొకరి భూమి మీదుగా దారి లాంటి హక్కు) చట్టం ప్రకారం 20 ఏళ్ళు అడ్డూ ఆపూ లేకుండా, బాహాటంగా, తన హక్కే అన్నట్టు నడిచినవాడికి ఆ దారి హక్కుగా మారుతుంది. మెయిన్‌లో కూడా గడువు 20 ఏళ్ళే, చిత్రంగా. కానీ రెండు చోట్లా ఒకటే మెలిక ఉంది: అడిగి, మీ అనుమతితో నడిచినవాడికి ఆ హక్కు రాదు. అంటే ఏడాదికేడాది మీరు రాసిచ్చే కాగితమే హక్కు పుట్టకుండా అడ్డుపడేది. నాన్నగారికి ఈ ముక్క ఒక్కటి చెప్పండి చాలు, ఆయన పొలం మనిషి కాబట్టి లాయరు కంటే ముందే పట్టేస్తారు. దీనికి తోడు, అడవిలో, బీడులో జనం సరదాకి తిరిగితే అది యజమాని ఊరుకుని ఇచ్చిన అనుమతి కిందే లెక్క అన్నది మెయిన్ కోర్టుల ధోరణి.

అయితే చూసుకోవాల్సింది ఒకటుంది. పాత యజమాని క్లబ్బుకు ఇచ్చింది ఉత్త అనుమతా, లేక రిజిస్టర్ చేసిన ఈజ్‌మెంటా? మొదటిది ఆయన అమ్మేసిన రోజుతోనే పోయింది. రెండోదైతే భూమితో పాటు మీకు వచ్చేసింది, ఇప్పుడు మీ సంతకంతో పని లేదు. కొన్నప్పుడు టైటిల్ వెతికించి ఉంటారు కదా, ఆ కాగితాల్లో చూడండి. కౌంటీ రిజిస్ట్రీ ఆఫ్ డీడ్స్‌లో కూడా దొరుకుతుంది. చిన్న క్లబ్బులు ఇంత దూరం వెళ్ళడం అరుదు. మీ చేతిలో కాగితం పెట్టారంటేనే అలాంటిదేమీ లేదని నా అనుమానం, అయినా చూసుకోండి.

ఇక మీ ఆవిడ భయం. మెయిన్ చట్టాల్లో 14వ టైటిల్, 159-ఏ సెక్షన్ అని ఉంది, ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అంటించండి. తన స్థలంలోకి సరదా కోసం వచ్చినవాళ్ళకు ఆ స్థలాన్ని సురక్షితంగా ఉంచాల్సిన బాధ్యత గానీ, ప్రమాదం ఉందని హెచ్చరించాల్సిన బాధ్యత గానీ యజమానికి లేదని దాని సారాంశం. వేట, చేపలు, స్కీయింగు, బెర్రీలు ఏరుకోవడం ఇవన్నీ రాసి, మంచు మీద నడిచే బళ్ళను కూడా ఆ జాబితాలోనే పెట్టారు. మీరు అనుమతి ఇచ్చినంత మాత్రాన "నా స్థలం భద్రం, రండి" అని హామీ ఇచ్చినట్టు కాదని కూడా విడిగా రాశారు. ఎవరైనా కేసు వేసి ఓడిపోతే మీ లాయరు ఖర్చు వాళ్ళే కట్టాలి. ఈ చివరి ముక్క వల్లే చాలామంది లాయర్లు ఇలాంటి కేసుల జోలికి రారు.

ఈ చట్టం ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1965లో అమెరికా రాష్ట్రాల ప్రభుత్వాల మండలి ఒక నమూనా చట్టం తయారుచేసింది: భూమిని డబ్బు తీసుకోకుండా జనానికి తెరిచిన యజమానిని కోర్టు బాధ నుంచి కాపాడాలన్నది దాని ఉద్దేశం. రాష్ట్రాలు ఒక్కొక్కటీ తమ తమ మార్పులతో దాన్ని అందుకున్నాయి. మెయిన్‌కి ఇది మరీ అవసరం. ఆ రాష్ట్రంలో 90 శాతానికి పైగా భూమి ప్రైవేటుదే. సుమారు 14,000 మైళ్ళ స్నోమొబైల్ దారులుంటే, అందులో 95 శాతం మీలాంటి నాలాంటి వాళ్ళ స్థలాల్లోంచీ, కలప కంపెనీల అడవుల్లోంచీ పోతాయి. మనమంతా ఒక్కసారి కాదంటే మిగిలేది రోడ్డు పక్క పార్కింగ్ మాత్రమే.

ఆ రక్షణకి రెండు చిల్లులున్నాయి. ఒకటి డబ్బు. దారికి రుసుము తీసుకుంటే రక్షణ పోవచ్చు. మెయిన్‌లో దీనికి మినహాయింపులున్నాయి గానీ, ఆ మినహాయింపుల మీద బతకాల్సిన అవసరం మీకేం వచ్చింది? క్లబ్బు నుంచి ఒక్క డాలరు తీసుకోకండి. క్రిస్మస్‌కి వాళ్ళిచ్చే పళ్ళబుట్ట తీసుకోండి, వద్దంటే నొచ్చుకుంటారు. రెండోది, ప్రమాదం ఉందని తెలిసీ కావాలనో, కసిగానో దాన్ని అలాగే వదిలేయడం. దీని దగ్గరే నేను మునగబోయాను.

కొన్న రెండో ఏడు. ఆగస్టులో వెళ్ళేసరికి నా దుంగలబాట మొత్తం ఏటీవీల (మట్టి మీద తిరిగే నాలుగు చక్రాల బళ్ళ) టైర్లతో మోకాలి లోతు బురద. ఎవరిదో తెలీదు. నాకు ఒళ్ళు మండింది. హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళి ఉక్కు కేబుల్ కొనుక్కొచ్చి, బాట మొదట్లో రెండు మేపుల్ చెట్లకి నడుము ఎత్తున బిగించి, చేతులు దులుపుకుని బోస్టన్ వచ్చేశాను. అక్టోబరులో క్లబ్బు ట్రైల్ మాస్టర్ దారి చూసుకోవడానికి వచ్చాడు, నేనూ అక్కడే ఉన్నాను. డెబ్బై దాటిన మనిషి, జీవితమంతా కలప లారీలు తోలాడు. కేబుల్ దగ్గర ఆగి ఏమీ మాట్లాడలేదు. జేబులోంచి నారింజ రంగు రిబ్బను తీసి, దాని పొడుగునా అడుగుకొకటి చొప్పున కట్టడం మొదలుపెట్టాడు. అన్నీ కట్టాక నా వైపు తిరిగి, రాత్రిపూట స్లెడ్ (స్నోమొబైల్) మీద గంటకి 40 మైళ్ళ వేగంతో వచ్చేవాడికి ఇది కనపడదు, ఈ కేబుల్ సరిగ్గా ఇక్కడ తగులుతుంది అని తన గొంతు మీద వేలు పెట్టి చూపించాడు. ఆ సాయంత్రమే విప్పేశాను. ఆ చలికాలం ఎవరైనా దానికి తగిలి ఉంటే 159-ఏ నన్ను కాపాడేది కాదేమో. చట్టం కాపాడినా నేను నిద్రపోయేవాణ్ణి కాదు.

కాబట్టి కేబుల్, గొలుసు, ముళ్ళతీగ, ఏదీ దారికి అడ్డంగా కట్టకండి. గేటు కావాలంటే పైపు గేటు పెట్టండి, పసుపు రంగు వేయండి, రెండు వైపులా రిఫ్లెక్టర్లు అంటించండి, సీజన్లో పూర్తిగా తెరిచి చెట్టుకి కట్టేయండి. నా గేటు క్లబ్బువాళ్ళే వెల్డింగ్ చేసి తెచ్చి పాతారు. గుంతలు తవ్విన బాటని కూడా వాళ్ళే చదును చేశారు, తవ్వింది వాళ్ళు కాకపోయినా. అప్పుడు అర్థమైంది నాకు: ట్రైల్ ఉండటం వల్ల నా అడవికి కాపలా వచ్చింది. నేను 200 మైళ్ళ అవతల ఉంటాను. చలికాలం వారానికి రెండు మూడు రాత్రులు ఆ దారిన మంచు చదును చేసే గ్రూమర్ బండి తిరుగుతుంది. నా క్యాంపు కప్పు మీద చెట్టు పడితే నాకు ఫోన్ చేసింది దాన్ని నడిపే ఆయనే.

ఏటీవీ విషయం ఇంతటితో వదలకూడదు, ఎందుకంటే అసలు తలనొప్పి అదే. స్నోమొబైల్ మంచు మీద పోతుంది. నేల గడ్డకట్టి ఉంటుంది, పైన అడుగు మంచు ఉంటుంది, ఏప్రిల్లో కరిగాక అడవిలో ఒక జాడ కూడా మిగలదు. ఏటీవీ మట్టి మీద పోతుంది. మెయిన్‌లో ఏటీవీకి కూడా యజమాని అనుమతి ఉండాలి. ఒకదానికిస్తే రెండోదానికి ఇచ్చినట్టు కాదు. కానీ దారి కనపడితే చాలు దూరేవాళ్ళుంటారు. అందుకే కాగితంలో "స్నోమొబైళ్ళు మాత్రమే, నేల గడ్డకట్టి మంచు కప్పి ఉన్నప్పుడు మాత్రమే" అని రాయించండి. తేదీలు కూడా వేయండి. మెయిన్‌లో క్లబ్బులు సాధారణంగా డిసెంబరు నుంచి మార్చి ఆఖరు దాకా చూసుకుంటాయి. పక్కనున్న వెర్మాంట్‌లో అయితే రాష్ట్రమంతటికీ ఒకే తేదీలు, డిసెంబరు 16 నుంచి ఏప్రిల్ 15. ట్రైల్ మూసేశాక రెండు చివర్లా "ఏటీవీలకు ప్రవేశం లేదు" అన్న బోర్డు క్లబ్బే పెట్టాలని కూడా రాయించండి. వాళ్ళ దగ్గర ఆ బోర్డులు కట్టలు కట్టలుంటాయి. ఆ తర్వాత కూడా వస్తే వార్డెన్‌కి (వేట, ఇలాంటి బళ్ళ చట్టాలు చూసే రాష్ట్ర అధికారికి) ఫోన్ చేయండి, మీరు ఎదురు నిలబడి తగువు పెట్టుకోకండి.

చప్పుడు సంగతి మీరు అడగలేదు గానీ మొదటి శనివారం రాత్రి మీరే అడుగుతారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన స్లెడ్ 50 అడుగుల దూరంలో పూర్తి వేగం మీద 78 డెసిబెల్స్ దాటకూడదని ఎప్పటి నుంచో ప్రమాణం ఉంది. సైలెన్సర్ మార్చి దడదడలాడించుకుంటూ వచ్చే కుర్రాళ్ళు వేరే జాతి. ఇంటికి 200 అడుగుల లోపు స్నోమొబైల్ నడపకూడదని మెయిన్ చట్టం, కొన్ని మినహాయింపులతో. కానీ నిశ్శబ్దంగా ఉన్న అడవిలో 200 అడుగులంటే మీ దిండు పక్కనే. మీ క్యాంపుకీ ట్రైల్‌కీ మధ్య ఎంత దూరముందో కొలవండి. అంతకంటే ముఖ్యం గ్రూమర్. మంచుని చదును చేసే ఆ బండి చిన్న ట్యాంకులా ఉంటుంది, వెనక ఇనప డ్రాగ్ లాక్కుంటూ పోతుంది. అది పగలు రాదు. చదును చేసిన మంచు గట్టిపడాలంటే కొన్ని గంటల చలి కావాలి, పైన ఎవరూ నడవకూడదు. అందుకని అర్ధరాత్రి వస్తుంది. మొదటిసారి రాత్రి 2 గంటలకి కిటికీ నిండా లైట్లు చూసి మా ఆవిడ పోలీసులనుకుంది.

దూరం చాలదనిపిస్తే "వద్దు" అనకండి, "అటు జరపండి" అనండి. ఈ రెండింటికీ ఊళ్ళో చాలా తేడా ఉంది. ట్రైల్ అనేది గొలుసు. మీ 46 ఎకరాల్లో ఉన్నది బహుశా పావు మైలే కావచ్చు, కానీ ఆ పావు మైలు తెగితే అటు పక్క ఊరికీ ఇటు పక్క పెట్రోలు బంకుకీ మధ్య దారి ఉండదు. వాళ్ళు మరో ముగ్గురు యజమానుల్ని బతిమాలి, చెట్లు కొట్టి, వాగు మీద కొత్త వంతెన వేసి చుట్టూ తిప్పాలి. ఒక్కోసారి అలా తిప్పడానికి చోటే ఉండదు. జనవరి, ఫిబ్రవరిలో ఆ చిన్న ఊళ్ళలో హోటల్ నడిచేదీ, రిపేరు షాపు నడిచేదీ ఈ స్లెడ్ల వల్లే. అదే దారిని 300 అడుగులు వెనక్కి జరపమంటే మాత్రం సెప్టెంబరులో రెండు శనివారాలు వచ్చి నవ్వుతూ చేసిపెడతారు. కానీ ఆ మాట మంచు పడ్డాక చెప్పకండి, దయచేసి.

ఇక అడవి సంగతి. మీరు చెట్లు అమ్మే ఆలోచనలో ఉన్నారో లేదో తెలీదు. మెయిన్‌లో కనీసం 10 ఎకరాల అడవి ఉంటే ట్రీ గ్రోత్ అనే పన్ను రాయితీ ఉంది, 1972 నుంచీ. మీ స్థలం ఇప్పటికే అందులో ఉండి ఉండొచ్చు, పన్ను బిల్లు చూడండి. ఉంటే, మీ అడవి నిర్వహణ ప్లాన్ రాసిన ఫారెస్టర్‌కి ట్రైల్ గురించి ఒక్క మాట చెప్పండి. చిక్కేమిటంటే చిత్తడి నేలలో కలప తీసేది కూడా చలికాలంలోనే, నేల గడ్డకట్టాకే. అంటే దుంగలు లాగే స్కిడ్డరూ, స్లెడ్డూ ఒకే బాట మీద ఒకే నెలలో. "కలప తీసే సీజన్లో ట్రైల్ మూసే హక్కు లేదా పక్కకి తిప్పే హక్కు యజమానిదే" అన్న వాక్యం లేకుండా సంతకం పెట్టకండి. వాళ్ళకిది కొత్త కాదు, వెంటనే ఒప్పుకుంటారు.

చెట్లకి మేకులు. ఇది చిన్న సంగతిలా కనపడుతుంది గానీ నాకు బాగా దెబ్బ కొట్టింది. బోర్డులు కట్టడానికి ఎవరో ఎప్పుడో నా మంచి షుగర్ మేపుల్స్‌కి ఇనప మేకులు కొట్టారు. చెట్టు పెరిగి మేకుని మింగేసింది. రంపం మిల్లులో లోహం తగిలితే బ్లేడు పోతుంది, మిల్లువాడు ఆ దుంగ మొదటి భాగాన్ని తీసుకోడు. చెట్టులో ఎక్కువ విలువున్న భాగం అదే. ఇప్పుడు మా ఒప్పందంలో బోర్డులన్నీ విడిగా పాతిన కర్రల మీదే, చెట్టు తప్పకపోతే అల్యూమినియం మేకులే. అల్యూమినియం మెత్తన, రంపం కోసేస్తుంది.

మీ స్థలంలో పాత రాతిగోడలు ఉండే ఉంటాయి. గ్రూమర్‌కి వెడల్పు చాలదని వాటిని పీకేస్తారు, చూసుకోండి. 12 అడుగుల దారి అనుకున్నది నాలుగేళ్ళలో 20 అవుతుంది. కొమ్మలు నరుకుతూ, మలుపులు విడదీస్తూ పోతారు, చెడ్డ ఉద్దేశంతో కాదు. కాగితంలో వెడల్పు అంకెల్లో వేయించండి. చెట్టు కొట్టాలంటే ముందు మీకు ఫోటో పంపాలని రాయించండి. సరిహద్దు ఇనప గుంజల దగ్గర మీరే ఒక పొడుగాటి కర్ర పాతండి. నాది ఒకటి గ్రూమర్ కింద పడి వంగింది, సర్వేయర్‌ని మళ్ళీ పిలవాల్సి వచ్చింది.

ఎవరైనా సిరప్ కాయడానికి మీ మేపుల్ చెట్ల పాలు తీసుకుంటామని అడిగితే గుర్తుంచుకోండి, ఫిబ్రవరి ఆఖరు నుంచి చెట్లకి నీలిరంగు ప్లాస్టిక్ గొట్టాలు కడతారు. అవి ట్రైల్‌కి అడ్డంగా వస్తే పైన చెప్పిన కేబుల్ కథే. గ్రూమర్ క్యాబిన్‌కి పైన తగలనంత ఎత్తునైనా కట్టాలి, లేదా దారి అటు రానే కూడదు.

గడ్డి చేను మీదుగా పోతే ఇంకో సంగతి. మెత్తటి మంచు నేలకి దుప్పటి. స్లెడ్లు తొక్కి తొక్కి గట్టిచేశాక అది దుప్పటి పని చేయదు, చలి లోపలికి దిగుతుంది, పైన ఐసు కడుతుంది. క్లోవర్, అల్ఫాల్ఫా లాంటివి ఆ పట్టీ మేర చచ్చిపోవచ్చు, మిగతా గడ్డి కూడా వసంతంలో అక్కడ ఆలస్యంగా పచ్చబడుతుంది. చేలో ట్రైల్ గట్టు వెంబడి పోవాలి, నడిమధ్య నుంచి కాదు. ఉత్తరాన అరూస్టుక్ కౌంటీలో బంగాళదుంప రైతులు మైళ్ళకి మైళ్ళు చేలు తెరిచి పెడతారు. వాళ్ళు కోరేదొక్కటే, కర్రలు పాతిన దారి దాటి చేలోకి రావద్దని. ఆ ఒక్కటీ పాటించనివాళ్ళ వల్లే దారులు మూతపడుతుంటాయి. కోర్టు కేసు వల్ల మూసిన ట్రైల్ నాకు ఒక్కటీ తెలీదు. ఎవడో చిన్న మొక్కల తోటలో గుండ్రాలు తిప్పినందుకు మూసినవి నాలుగు తెలుసు.

పన్ను గురించి ఒక మాట. ట్రీ గ్రోత్ కాకుండా ఓపెన్ స్పేస్ అని మరో పద్ధతి ఉంది. అందులో మామూలు తగ్గింపు 20 శాతం, జనానికి ప్రవేశం ఇస్తే ఇంకో 25 శాతం కలుస్తుంది. 46 ఎకరాలకి అది చిన్న మొత్తం కాకపోవచ్చు. కానీ ఇందులోకి దిగితే బయటికి రావడానికి జరిమానా ఉంది. టౌన్ ఆఫీసులో పన్ను అంచనా వేసే ఆయనతో కూర్చుని లెక్క వేయించుకున్నాకే నిర్ణయించండి. క్లబ్బు ఒప్పందంతో కలిపి ముడివేయకండి, ఏడాదికేడాది రద్దు చేసుకునే కాగితం ఒకటి, దీర్ఘకాలం కట్టుబడే కాగితం ఇంకొకటి.

ఇప్పుడు ఆ కాగితం. దాని మీద "ఈజ్‌మెంట్" అన్న మాట ఎక్కడా ఉండకూడదు. "అనుమతి" అనో "రద్దు చేయదగిన లైసెన్స్" అనో ఉండాలి. ఒక్క సీజన్‌కి మాత్రమే, మళ్ళీ కావాలంటే మళ్ళీ వచ్చి అడగాలి. వాళ్ళు ఐదేళ్ళకి అడుగుతారు, వంతెనల మీద ఖర్చు పెట్టాలి కాబట్టి. అది న్యాయమైన మాటే. నేను మొదట మూడేళ్ళు ఏడాదికొకటి ఇచ్చి, మనుషులు తెలిశాక ఐదేళ్ళకి ఇచ్చాను, 30 రోజుల నోటీసుతో ఎప్పుడైనా ఆపొచ్చన్న వాక్యంతో. మ్యాపు జత చేసి, దాని మీద కూడా ఇద్దరూ సంతకం చేయాలి. మాటల్లో రాసిన దారి మూడో ఏటికి మారిపోతుంది. క్లబ్బు బీమా పాలసీలో మీ పేరు అదనపు బీమాదారుగా చేర్చిన సర్టిఫికెట్ తీసుకోండి, ఏటేటా కొత్తది. మీ సొంత ఇంటి బీమా ఏజెంటుకి కూడా ట్రైల్ ఉందని ఈమెయిల్‌లో చెప్పండి. ఫోన్లో చెప్తే సాక్ష్యం ఉండదు. భూమి ఎల్ఎల్‌సీ (మీరు పెట్టుకున్న కంపెనీ) పేరు మీద ఉంటే సంతకం ఎల్ఎల్‌సీ తరఫునే పెట్టండి. పందేలు, టికెట్ పెట్టి చేసే ఉత్సవాలు మీ స్థలంలో వద్దని రాయండి.

వాగు దాటే చోట వంతెన ఎవరిదో కూడా తేల్చండి. పర్మిట్లు తెచ్చేదీ, బాగుచేసేదీ, పాడైతే తీసేసేదీ క్లబ్బే అని ఉండాలి. 2023 డిసెంబరు 18న పశ్చిమ మెయిన్‌ని ముంచిన వాన గుర్తుందా? నా వాగు మీది వంతెన ఆ రోజు కొట్టుకుపోయి కింద నా పొరుగాయన గడ్డి చేలో తేలింది. ఆ వాక్యం రాసి ఉండబట్టి, ఎవరు తీయాలన్న ప్రశ్న రాలేదు. ఎనిమిది మంది వచ్చి రెండు రోజుల్లో తీశారు. ఆ ఏడు సీజన్ మొత్తం ట్రైల్ లేదు.

ఊదారంగు గీతల గురించి ఎవరైనా చెప్పే ఉంటారు. మెయిన్‌లో చెట్ల మీద ఊదారంగు గీతలుంటే "అనుమతి లేకుండా రావద్దు" అని అర్థం: కనీసం అంగుళం వెడల్పు, 8 అంగుళాల పొడవు, 100 అడుగుల లోపు ఒకటి చొప్పున. అవి వేయొద్దని నేననను, నావీ ఉన్నాయి. కానీ ట్రైల్ ఒప్పుకున్నారు కాబట్టి దాని మొదట్లో "స్నోమొబైళ్ళు దారి మీద రావచ్చు" అన్న క్లబ్బు బోర్డు పక్కనే ఉండేలా చూడండి, లేకపోతే వచ్చేవాడికి రెండు రకాల కబురు అందుతుంది. అక్కడివాళ్ళకి మూసిన అడవి అంటే పడదన్నది కూడా తెలుసుకోండి. 1640ల నాటి వలస చట్టం నుంచీ, 10 ఎకరాలు దాటిన సహజ చెరువు దగ్గరికి దున్నని భూముల మీదుగా నడిచి వెళ్ళే హక్కు మెయిన్‌లో జనానికి ఉంది. నడిచి, గుర్తుంచుకోండి, బండి మీద కాదు. ఆ అలవాటులో పెరిగినవాళ్ళకి న్యూజెర్సీ నంబరు ప్లేటు వచ్చిన మొదటి ఏడే చెట్లన్నీ ఊదారంగుకి తిరిగితే ఎలా అనిపిస్తుందో ఊహించుకోండి.

మార్చిలో యజమానుల విందుకి పిలుస్తారు, వెళ్ళండి. ఊరి రైతుసంఘం గ్రేంజ్ హాల్లో కాగితం పళ్ళాలు, ఉడికించిన బీన్స్, ఎర్ర హాట్‌డాగులు. బీన్స్‌లో పంది కొవ్వు వేస్తారు. నేను తిననని తెలిశాక నాలుగో ఏటి నుంచి ఒక చిన్న కుండ విడిగా వండి, మూత మీద నా పేరు తప్పుగా రాసి పెడుతున్నారు. మా ఆవిడ ఒకసారి పులిహోర తీసుకెళ్ళింది, గ్రూమర్ ఆయన రెండుసార్లు వడ్డించుకున్నాడు.

ఇది చదివే వేరే రాష్ట్రాలవాళ్ళకి: 159-ఏ లాంటి చట్టం కోసం న్యూయార్క్ అయితే జనరల్ ఆబ్లిగేషన్స్ లా 9-103, న్యూ హాంప్‌షైర్ అయితే 212:34, విస్కాన్సిన్ అయితే 895.52 చూసుకోండి. వరస ఒకటే, మెలికలు వేరు. మెయిన్ మినహాయింపులు అక్కడా ఉంటాయనుకోకండి.

చివరగా మీరు చేయాల్సిన మొదటి పని. సంతకానికి ముందు ట్రైల్ మాస్టర్‌ని పిలిచి దారి మొత్తం ఆయనతో కలిసి నడవండి. ఆకులు రాలాక, మంచు పడకముందు, అంటే నవంబరు మొదట్లో. అప్పుడు నేల వంపులూ, రాతిగోడలూ, క్యాంపు కిటికీలోంచి దారి కనపడుతుందా లేదా అన్నదీ తెలుస్తుంది. అది జింకల వేట సీజన్, కాబట్టి ఇద్దరూ నారింజ చొక్కాలు వేసుకోండి. ఆదివారం పెట్టుకుంటే ఇంకా మంచిది, మెయిన్‌లో ఆదివారం వేట నిషేధం.